కార్మిక శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ: గేటు దగ్గర ఒక కుర్చీ వేయించండి

కమిషనర్ గారికి నమస్కారం.

మాదాపూర్‌లో మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు 12 గంటలూ నిలబడే ఉంటారు. పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. హౌస్‌కీపింగ్ అక్కలు మెట్ల కింద నేల మీదే అన్నం తింటారు. మా టెన్షన్‌కు కౌన్సెలింగ్ ఉంది. వాళ్లు నడుం నొప్పని సెలవు పెడితే మాత్రం జీతం కోత!

బ్రిటన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ప్రభుత్వ ఉద్యోగులనే పరిశీలించింది. అట్టడుగు హోదా వాళ్లలో గుండెజబ్బు మరణాలు పైఅధికారుల కంటే దాదాపు 3 రెట్లు. పొగతాగడం, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు.

కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇచ్చాయి. మన దగ్గర గార్డులకూ అది దక్కేలా చూడండి. కాంట్రాక్టర్ పేరు చెప్పి యాజమాన్యాలు తప్పించుకోనివ్వకండి. తనిఖీకి ముందు చెప్పకుండా, మధ్యాహ్నం భోజనాల వేళ రండి.