దస్తావేజులో జిల్లా పేరు కొట్టేయకురా

ఒరేయ్ సుబ్బూ,

నువ్వు పంపిన వంశవృక్షం రాత్రి కూర్చుని మొత్తం చదివాను. ఆడపిల్లల్ని ఏ ఊరు ఇచ్చారో, కోడళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో కూడా రాశావు చూడు, అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. అది ఎవరూ రాయరు.

ఒక్కచోట మాత్రం మనసు చివుక్కుమంది. 1912 నాటి పొలం దస్తావేజులో "కృష్ణా జిల్లా, భీమవరం తాలూకా" అని ఉంటే, లేఖరి పొరపాటనుకుని కొట్టేసి "పశ్చిమ గోదావరి" అని పెట్టావు. లేఖరి సరిగ్గానే రాశాడురా! 1904 దాకా భీమవరం గోదావరి జిల్లా. ఆ ఏడు గుంటూరును విడదీసి వేరే జిల్లా చేసినప్పుడు భీమవరం, నరసాపురం, తణుకు, ఏలూరు తాలూకాలు తెచ్చి కృష్ణాలో కలిపారు. పశ్చిమ గోదావరి అన్న జిల్లా పుట్టిందే 1925లో. మీ ముత్తాతగారు ఆ అరుగు మీద నుంచి కదలకుండానే మూడు జిల్లాల మనిషయ్యారు. అప్పటికి రాష్ట్రం కూడా మనది కాదు, మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ పొలానికి సంబంధించిన ఆ కాలపు కాగితాలు ఇంకేమైనా వెతకాలంటే కృష్ణా జిల్లా పేరు మీద వెతకాలి. నువ్వు కొట్టేసింది ఆ దారినే.

నేనెందుకింత పట్టుబడుతున్నానంటే, మా నాయనమ్మ పుట్టిల్లు. నాన్న డైరీలో "అమ్మ వాళ్లది గన్నవరం" అని ఒక్క ముక్క ఉంది. గన్నవరం అనగానే విజయవాడ పక్కది, విమానాశ్రయం ఉన్నదే అనుకున్నాను. రెండు రోజులు అక్కడ తిరిగాను. ఆ ఇంటిపేరు విన్నవాళ్లే లేరు. తిరిగొచ్చాక అత్తయ్యతో మాట్లాడుతుంటే, "మా అమ్మ వాళ్ల ఊళ్లో ఏటి మీద కాలవ పారుతుందని చెప్పేదిరా" అంది. ఏటి మీద కాలవ! అది కోనసీమ పి.గన్నవరం. గోదావరి వైనతేయ పాయ మీదుగా నగరం లంకకి నీళ్లు తీసుకెళ్లే అక్విడెక్టు అక్కడే ఉంది. ఆ చుట్టుపక్కలే లంకల గన్నవరం ఇంకొకటి, డొక్కా సీతమ్మగారు దారిన పోయేవాళ్లకి అన్నం పెట్టిన ఊరు. నాన్న తాలూకా పేరు ఒక్కటి పక్కన రాసి ఉంటే చాలు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. రాసుకున్న నాన్నకి ఏ గన్నవరమో తెలుసు, ఆ తర్వాత చదివే మనకే తెలియలేదు.

అందుకని ఇప్పుడు నేను ప్రతి ఊరినీ రెండుసార్లు రాస్తున్నాను. కాగితంలో ఎలా ఉంటే అలా, ఒక్క అక్షరం మార్చకుండా, ఆ కాగితం తేదీతో సహా. దాని కింద ఇవాళ్టి చిరునామా: ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం, ఎప్పుడూ అదే వరసలో. నాయనమ్మ ఊరికైతే కింద ఇంకో ముక్క కూడా రాశాను: 1925 దాకా గోదావరి జిల్లా, తర్వాత తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ. తాలూకా అని ఉన్నచోట మండలం అని దిద్దకు. మండలాలు వచ్చింది 1985లో, రెంటి హద్దులూ ఒకటి కావు.

ఇక ఒకే ఊరికి రెండు మూడు పేర్లున్న గొడవ ఉంది. మా బాబాయి నోట బందరు, పాత ఇంగ్లీషు కాగితాల్లో మసూలిపటం, రైల్వే స్టేషన్ బోర్డు మీద మచిలీపట్నం. బెజవాడ, విజయవాడ కూడా అంతే. పుస్తకం చివర ఒక పేజీ వదిలి అక్కడ ఇవన్నీ ఒకచోట కలిపి రాసుకో. లేకపోతే రేపు మీ అమ్మాయి చదివి మీ వాళ్లు బందరు నుంచి మచిలీపట్నానికి వలస వెళ్లారనుకుంటుంది. అలా నమ్మినవాళ్లని నేను చూశాను.

ఆ 1912 దస్తావేజు ఇంకోసారి ఫోటో తీసి పంపరా, రెండో పేజీ కింది భాగం మసకగా ఉంది. నాలుగు హద్దులూ రాసేది అక్కడే. తూర్పు హద్దులో ఒక ఇంటిపేరు కనపడీ కనపడనట్టుంది, అది మీ మేనమామల వైపుదేమోనని నాకు అనుమానం. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ,
రాజు