మన సినిమా సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

"ఈసారి ఏడుపు సినిమాలు వద్దు బాబోయ్" అని నిరుటి సర్వసభ్య సమావేశంలో అందరూ గట్టిగా చెప్పడంతో, ఈ ఏడాది 1930ల నాటి హాలీవుడ్ కామెడీలు వేశాం. అమెరికాలో బ్యాంకులు మూతపడి, జనం రొట్టె కోసం క్యూలు కట్టిన కాలంలో వచ్చిన సినిమాలివి.

మొదటిది ఫ్రాంక్ కాప్రా తీసిన 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్' (1934). దీని ఆధారంగా వచ్చిన హిందీ సినిమా 'చోరీ చోరీ' (1956) చూసినవాళ్లకు కథ ముందే తెలుసు, అయినా హాలు నిండింది. పారిపోయిన కూతురి ఆచూకీ చెబితే 10,000 డాలర్లు ఇస్తానంటాడు కోటీశ్వరుడు. చివర్లో, దారిలో ఆమెకు తోడొచ్చిన విలేకరి (హీరో క్లార్క్ గేబుల్) ఆయన దగ్గరికెళ్లి అడిగింది మాత్రం దారి ఖర్చులు 39 డాలర్ల 60 సెంట్లు, అదీ పద్దు రాసి మరీ! మన కోశాధికారి గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

'మై మ్యాన్ గాడ్‌ఫ్రీ' (1936) రోజు మాత్రం గొడవే. చెత్తకుప్పల పక్కన బతుకుతున్న మనిషిని పెద్దింటి అమ్మాయి పందెం ఆట కోసం పట్టుకొచ్చి, తర్వాత ఇంట్లో బట్లర్‌గా పెడుతుంది. తీరా చూస్తే అతనూ బోస్టన్ శ్రీమంతుల బిడ్డే. "పేదవాడికి మర్యాద దక్కాలంటే ముందు వాడు గొప్పింటివాడని తేలాలా?" అని ఒక సభ్యురాలు నిలదీశారు. నాకైతే ఆవిడ మాటే సబబనిపించింది. టీ చల్లారిపోయినా వాదన ఆగలేదు.

అందరికీ నచ్చింది 'ఈజీ లివింగ్' (1937). భార్య కొన్న 58,000 డాలర్ల బొచ్చుకోటును బ్యాంకరు కోపంతో మేడ మీంచి విసిరేస్తాడు. అది బస్సు పైఅంతస్తులో వెళ్తున్న చిరుద్యోగి (నటి జీన్ ఆర్థర్) నెత్తిన పడుతుంది. ఎవరు కొట్టారా అని కోపంగా వెనక్కి తిరిగితే, అక్కడ తలపాగా చుట్టుకున్న ఓ పెద్దమనిషి "కిస్మత్" అంటాడు. ఇక మన హాల్లో నవ్వులే నవ్వులు. ఆమె ఆ బ్యాంకరు ప్రియురాలని పొరబడి పెద్ద హోటల్‌వాళ్లు ఆమెకు ఖరీదైన గది ఇస్తారు. తినడానికి మాత్రం చేతిలో చిల్లరే!

మాటలు మరీ వేగంగా ఉండటంతో పెద్దవాళ్లు ఇబ్బంది పడ్డారు. రెండో ప్రదర్శన నుంచి కథ ఒక పేజీలో రాసి పంచాం. ఒకసారి మధ్యలో ప్రొజెక్టర్ బల్బు పోయింది, క్షమించాలి.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి. చందా బాకీదారుల పేర్లు ఈసారికి రాయలేదు.

వచ్చే ఏడాది మొదటి ప్రదర్శన దర్శకుడు లుబిచ్ తీసిన 'ట్రబుల్ ఇన్ ప్యారడైజ్' (1932). హాలీవుడ్ సెన్సారు నియమాలు 1934లో బిగుసుకోకముందు తీసింది కాబట్టి, పిల్లల్ని తీసుకురావాలో వద్దో మీరే చూసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి