బీమా నియంత్రణ సంస్థ చైర్మన్ గారికి: మా గోడ కట్టుకోమంటారా, ఆగమంటారా?

గౌరవనీయులైన ఐఆర్‌డీఏఐ చైర్మన్ గారికి,

హన్మకొండ నుంచి నమస్కారాలు.

2025 అక్టోబరు 29న మొంథా తుపాను వానకు వరంగల్, హన్మకొండ కాలనీలు ఎట్లా మునిగాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. బొందివాగు పొంగి మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. వెనక గది గోడ కూలింది. 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్ట తెగినప్పుడు పట్టుకున్న భయంతోనే భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ తీసుకున్నాం. ప్రీమియం ఒక్కసారి కూడా ఆపలేదు. నీళ్లు తీయగానే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ కూడా తీసుకున్నాం.

నష్టం లెక్కకట్టే బీమా సర్వేయర్ గారు వచ్చారు, మంచిగానే మాట్లాడారు, ఫొటోలు తీసుకున్నారు. పోయేముందు "మళ్లీ చూడాల్సి రావచ్చు, అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకండమ్మా" అన్నారు. మా గోస అక్కడ మొదలైంది సార్.

కూలిన గోడ జాగాలో టార్పాలిన్ కట్టుకుని ఉంటున్నాం. వాగు పక్క ఇల్లు కాబట్టి పురుగూపుట్రా వస్తాయని రాత్రిళ్లు ఒకరి తర్వాత ఒకరం మేల్కొంటున్నాం. స్విచ్ బోర్డులు తడిసినందుకు ఎలక్ట్రీషియన్ ఒక్క గదికే కరెంటు ఇచ్చాడు. తలుపులు ఉబ్బిపోయి మూతపడడం లేదు. ఆయాసం ఉన్న మా అత్తమ్మ ఆ చెమ్మలో ఉండలేక మా ఆడబిడ్డ ఇంటికి పోయింది. ఈ వయసులో సొంతిల్లు వదిలి బిడ్డ ఇంట్లో ఉండాల్సి వచ్చిందని ఆమెకు ఒకటే రంది.

మేస్త్రీని మాట్లాడుకుంటే కంపెనీవాళ్లు "రిపేరు చేస్తే నష్టం ఎట్లా తేలుతుంది, తర్వాత మీ ఇష్టం" అన్నారు. సరే అని ఆగాం. ఇప్పుడేమో "ఇన్నాళ్లు వదిలేశారు కాబట్టి చెమ్మ ముదిరింది, ఆ నష్టం మాది కాదు" అంటున్నారు. కట్టుకున్నా మాదే తప్పు, ఆగినా మాదే తప్పు. మరి మేమేం చేయాలో మీరే చెప్పండి సార్.

కాగితాల సంగతి ఇంకొకటి. ఇంటి పన్ను రశీదు ఇస్తే ప్లాన్ అడిగారు. ప్లాన్ ఇస్తే మేస్త్రీ ఎస్టిమేట్ చెల్లదు, ఇంజినీరుది కావాలన్నారు. అది తెస్తే బ్యాంకు నుంచి లెటర్ అన్నారు. ఆ తర్వాత వరద వచ్చినట్టు తహసీల్దారు సర్టిఫికెట్ తెమ్మన్నారు. టీవీలన్నీ చూపించిన వరద అది! ఇవన్నీ మొదటి రోజే ఒక చీటీ మీద రాసిస్తే ఎప్పుడో తెచ్చి ఇద్దుము. ఒక్కో కాగితం ఇచ్చినప్పుడల్లా "ఫైలు పూర్తి కాలేదు" అనే మెసేజ్ వస్తుంది.

24 గంటల్లో సర్వేయర్‌ను పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి అని 2024లో మీ సంస్థే సర్క్యులర్ ఇచ్చింది. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించొద్దనీ చెప్పింది. మాది తిరస్కరించలేదు, ఒప్పుకోనూ లేదు. ఎప్పుడు అడిగినా పరిశీలనలో ఉందంటారు. మీ ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్‌లో పెట్టే ఫిర్యాదు కూడా జవాబు కోసం ఆ కంపెనీకే పోతుంది కదా. బీమా తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి పొమ్మంటారు, పోతాం. అక్కడా కాగితాలన్నీ అందాక 3 నెలల్లో తీర్పు అని రాసి ఉంది. అన్ని రోజులు గోడ లేని ఇంట్లో ఉండడం మీ ఇంట్లోవాళ్లకైతే ఒప్పుకుంటారా?

దయచేసి ఒక ఆదేశం ఇవ్వండి. సర్వేయర్ ఒకసారి చూసి ఫొటోలు, వీడియో తీసుకున్నాక ఇల్లు బాగుచేసుకోవచ్చని, దాన్ని సాకుగా చూపి పైసలు కోయరాదని కంపెనీలకు రాతపూర్వకంగా చెప్పండి. కాగితాలన్నీ ఒక్కసారే అడగాలి. తగాదా లేని సొమ్ము ముందే ఇవ్వాలి. ఆలస్యానికి బ్యాంకు రేటుకు ఇంకో 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలని నిబంధన ఉంది. మేం అడుక్కోకుండానే అది లెక్కకట్టి ఇప్పించండి. మా కాలనీలో ఇట్లాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో మీ ఆఫీసు నుంచి మా ఊరు మూడు నాలుగు గంటల దారి, ఒక అధికారిని పంపితే ఒక్క పూటలో అన్నీ చూపిస్తాం.

మృగశిర కార్తె వస్తే మళ్లీ వానలు. ఆ లోపు మా గోడ మమ్మల్ని కట్టుకోనివ్వండి.

ఇట్లు,
బొందివాగు పక్క కాలనీ గృహిణి, హన్మకొండ