లైన్లు ఎక్కడికీ పోలేదు

ఏరా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన సంగతే రాత్రంతా బుర్రలో తిరిగింది. నీ వెబ్‌సైట్ ఫారంలో జనం నాలుగు పేరాలుగా శుభ్రంగా రాసి పంపిన మాటలు పేజీలోని టేబుల్లో ఒకే ముద్దగా కనిపిస్తున్నాయన్నావు కదా. డేటాబేస్ పాడైందేమోనని టెన్షన్ పడకు. లైన్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. చూపించనిది బ్రౌజర్.

వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎమ్‌ఎల్ పద్ధతే అంత. ఎంటర్ కొట్టినా, పది స్పేస్‌లు కొట్టినా కలిపేసి ఒక్క ఖాళీగా చూపిస్తుంది. కోడ్‌ను పొందిగ్గా జరిపి రాసుకునే మనకి అది మేలే. కానీ ఒకరు ఆగి, ఊపిరి తీసుకుని, కొత్త పేరా మొదలుపెట్టిన చోటు కూడా వాళ్లు చెప్పిన మాటలో భాగమే కదరా.

నేను మొదట్లో సేవ్ చేసేటప్పుడే ఎంటర్లన్నిటినీ బీఆర్ ట్యాగులుగా, అంటే హెచ్‌టీఎమ్‌ఎల్‌లో కొత్త లైను వేసే గుర్తులుగా, మార్చి దాచేవాడిని. నువ్వు ఆ పని చెయ్యకు. తర్వాత ఒకరు తమ రాతను దిద్దుకుందామని తెరిస్తే టెక్స్ట్ ఏరియా, అదే రాసే పెట్టె, నిండా ట్యాగులే. ఎక్సెల్‌లోకి తీసినా అవే. రాసింది రాసినట్టే దాచు, మార్పేదైనా చూపించేటప్పుడే చెయ్యి.

దానికి పేజీ రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్‌లో ఒక్క లైను చాలు: ఆ గడికి వైట్-స్పేస్ అని రాసి, విలువ ప్రీ-లైన్ ఇవ్వు. ఎంటర్లు నిలబడతాయి, అదనపు స్పేస్‌లు పోతాయి. స్పేస్‌లూ ఉండాలంటే ప్రీ-వ్రాప్. ఉత్త ప్రీ మాత్రం వద్దు, పొడుగు లైను మడత పడక టేబుల్ పక్కకి సాగిపోతుంది. ఇంకోటి, పేజీ టెంప్లేట్‌లో ఆ టెక్స్ట్‌ను గడిని మొదలుపెట్టే టీడీ ట్యాగ్‌కి ఆనించి రాయి. మధ్యలో నువ్వు కొట్టిన ఎంటర్ కూడా తెరమీద ఖాళీ లైనుగా కనిపిస్తుంది.

సర్వర్లో నడిచే పీహెచ్‌పీ భాషలో, ఎంటర్ల దగ్గర బీఆర్ చేర్చే ఎన్‌ఎల్‌2బీఆర్ ఫంక్షన్ వాడతానన్నావు. వాడుకో, కానీ ముందు టెక్స్ట్‌ను ఎస్కేప్ చెయ్యి, అంటే అందులోని ట్యాగు గుర్తులు ఉత్త అక్షరాలుగానే కనిపించేలా మార్చు, ఆ తర్వాతే అది. వరస తిరగబడితే బీఆర్ ట్యాగులు అక్షరాలుగా కనిపిస్తాయి. ఎస్కేప్ చెయ్యడమే మానేశావో, ఎవడో పంపిన స్క్రిప్ట్ చూసేవాళ్ల బ్రౌజర్లో నడుస్తుంది. ఈ ఒక్క విషయంలో బద్ధకించకురా. ఎన్‌ఎల్‌2బీఆర్‌నీ ప్రీ-లైన్‌నీ కలిపి కూడా వాడకు. ఆ ఫంక్షన్ పాత ఎంటర్‌ను తియ్యదు, దాని ముందు బీఆర్ చేరుస్తుంది, అందుకని లైన్ల మధ్య ఎడం రెట్టింపవుతుంది.

అక్షరాల లెక్క తేడా వస్తోందన్నావు. ఫారం పంపినప్పుడు ఒక్కో ఎంటర్ 13, 10 అనే రెండు కోడ్‌లుగా సర్వర్‌కి వెళ్తుంది. బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్ మాత్రం ఒక్కటిగానే లెక్కేస్తుంది. దూరం నుంచి వచ్చిన సందేశాలను అచ్చేసే పాత టెలీటైప్ మిషన్లలో అచ్చు తలను లైను మొదటికి తేవడం ఒక ఆజ్ఞ, కాగితాన్ని ఒక లైను జరపడం ఇంకో ఆజ్ఞ. ఆ జంటే ఇప్పటికీ మిగిలింది. లెక్కపెట్టేముందు సర్వర్లో రెంటినీ ఒకటి చేసెయ్యి.

పొడుగు లింకులు గడిని చీల్చుకుని బయటికొస్తే సీఎస్‌ఎస్‌లో ఓవర్‌ఫ్లో-వ్రాప్‌కి ఎనీవేర్ అనే విలువ పెట్టు. బ్రేక్-వర్డ్ అనే విలువ మామూలు టేబుల్ గడిలో పని చెయ్యదు, నేను దాంతో ఒక పూటంతా పోగొట్టుకున్నాను. పేరాలు విడిపోయాక గడులు ఎత్తు పెరిగి పక్కనున్న పేరు, తేదీ మధ్యలో వేలాడతాయి. వాటిని పైకి చేర్చడానికి వర్టికల్-అలైన్‌కి టాప్ ఇచ్చి చూడు. అప్పటికీ కుదరకపోతే ఆ గడి కోడ్ పంపు, రాత్రి కూర్చుని చూస్తాను.

నీ
నేస్తం