బీరువాలో పుస్తకం, ఓపీలో సూది

సంపాదకుల వారికి నమస్కారం.

ములుగు, ఏటూరునాగారం వైపు పీహెచ్‌సీల్లో 30 ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. ఈ వానాకాలం మా పక్కింటి రెండేళ్ల బాబుకు మోషన్స్ పట్టుకుంటే, తల్లి దగ్గర్లోని ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లింది. సాయంత్రం ఆ చీటీ చూశాను. ఒక యాంటీబయాటిక్ సిరప్, మోషన్స్ ఆగడానికి ఇంకో సిరప్, అక్కడే వేసిన ఇంజక్షన్. ఓఆర్‌ఎస్ (నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, చక్కెర పొడి) లేదు, జింక్ లేదు. బాబు నీళ్లు బాగానే తాగుతున్నాడు. కళ్లు లోతుకు పోలేదు, మలంలో రక్తం లేదు, జ్వరం లేదు. అలాంటి బిడ్డకు ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లోనే చెప్పాయి. మన దేశంలో ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్లకు 10, మొత్తం 14 రోజులు. ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట చీటీ మీదికి ఎందుకు రావడం లేదు?

డాక్టర్లకు తెలియక అని నేను అనుకోను. కర్ణాటక, బిహార్‌లలో రెండు వేల మందికి పైగా వైద్యం చేసేవాళ్ల మీద జరిపిన పరిశోధన 2024లో వచ్చింది. ఓఆర్‌ఎస్ రాయకపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం స్టాకు లేకపోవడమూ కాదు, లాభమూ కాదు. ‘పేషెంట్లకు అది ఇష్టం ఉండదు’ అన్న నమ్మకమట. చదివినప్పుడు నాకు మా ఓపీ గది కళ్ల ముందు కనిపించింది. “సూదెయ్యరా మేడం? ఉత్త పొడి ప్యాకెట్ ఇచ్చి పంపుతరా?” అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బయట పెద్ద లైను, లోపల ఒక్క మెడికల్ ఆఫీసరు. గొడవెందుకని నేనూ నోరు మూసుకున్న రోజులున్నాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మార్గదర్శకాలకు కొరత లేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2019 నుంచి ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీలో, ఏం చూడాలి, ఏం ఇవ్వాలి, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి అని బొమ్మ గీసినట్టు విడుదల చేస్తోంది. ఫోన్లో యాప్ కూడా ఉంది. కానీ మా అనుభవంలో ఏ కొత్త పద్ధతి వచ్చినా ఒకరోజు ట్రైనింగ్, ఒక ఫైలు, భోజనం, ఫొటో. మర్నాడు ఆ ఫైలు బీరువాలోకి పోతుంది. ఇంగ్లిష్‌లో ఉండేసరికి ఏఎన్ఎంలు, ఆశాలు దాన్ని మళ్లీ తెరవడం కష్టం.

తెరిచినా పక్కన వస్తువు ఉండాలి కదా. పత్తి చేన్లలో, వరి మళ్లలో పాము కరిచి వచ్చినవాళ్లను మా వైపు ఎంతమందిని చూశామో. రక్తపింజర కాటుకు రక్తం గడ్డకడుతుందో లేదో తేల్చే పరీక్షకు మెషిన్లు అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో రెండు ఎంఎల్ రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూడాలి, అంతే. కానీ అది గాజుదే కావాలి. ప్లాస్టిక్ ట్యూబులోనో సబ్బుతో కడిగిన ట్యూబులోనో పోస్తే మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు, అప్పుడు అవసరం లేని మనిషికి విషం విరుగుడు ఎక్కిస్తాం. అర్ధరాత్రి ఆ ఒక్క గాజు ట్యూబు కోసం డ్రాయర్లన్నీ వెతికిన టెన్షన్ నాకు తెలుసు.

జరిగిన చోట ఎంత బాగా జరిగిందో కూడా చెప్పాలి. 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం మొదట అమలైన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఏ గోలీతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే తర్వాత ఏది అన్నది ఒక్క కాగితం. ఆ కాగితం మీద ఉన్న గోలీలే స్టోర్లో. ప్రతి పేషెంటుకు కార్డు, నెలకు రాకపోతే ఇంటికి కబురు. 2022లో ఈ పనికి ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. మోషన్స్‌కూ పాముకాటుకూ ఇదే పద్ధతి ఎందుకు పెట్టకూడదు?

కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వరంగల్‌లోనే ఉంది. కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగులో కొత్త కాలేజీలు వచ్చాయి. పిల్లల మోషన్స్, దగ్గు, జ్వరం, పాముకాటు, కాన్పు: ఈ ఐదింటికి తెలుగులో ఒక్కో పేజీ తయారు చేసి, పీహెచ్‌సీ, పల్లె దవాఖానా గోడలకు అతికించమని వాళ్లను కోరుతున్నాను. పేషెంట్లు కూడా చదివేలా పెద్ద అక్షరాలతో ఉండాలి. తల్లే “ఓఆర్‌ఎస్ ఇస్తారా?” అని అడిగితే డాక్టరుకూ ధైర్యం వస్తుంది. నెలకోసారి డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు కూర్చుని ఓపీలోంచి ఓ 20 చీటీలు తీసి ఆ పేజీతో పోల్చి చూడాలి. మెమోలు ఇవ్వడానికి మాత్రం కాదు. అలా చేస్తే చీటీలు కాదు, రిజిస్టర్లు మాత్రమే బాగుపడతాయి. ప్రైవేటు క్లినిక్‌లలో ఇదే పని డాక్టర్ల సంఘమైన ఐఎంఏ వాళ్లు చేపట్టాలి.

పక్కింటి బాబును మర్నాడు బస్తీ దవాఖానాకు తీసుకెళ్లాం. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలని, గ్లాసులో చిటికెడు వేయకూడదని వాళ్లమ్మకు దగ్గరుండి చూపించాను. ఐదో రోజు ఆమె వచ్చి, “మోషన్స్ ఆగినయి కదా ఆంటీ, ఈ జింక్ గోలీ ఇంకా ఎందుకు?” అని అడిగింది. ఇంకా తొమ్మిది రోజులు వెయ్యమని చెప్పాను.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, హనుమకొండ