నాన్నకు ఉత్తరం

సావో పౌలో, బ్రెజిల్

నాన్నకు నమస్కారం.

నేను క్షేమం. ఆఫీసు మామూలే, రాసేదేం లేదు. అమ్మ మోకాలు ఎలా ఉంది? మాత్రలు మానేసిందని చెల్లి చెప్పింది.

నువ్వు పంపిన 40 కోట్ల ఆవు వీడియో చూశాను, ఇక్కడి ఒంగోలు జాతి ఆవుదే. ఊరంతా తిప్పి చూపించావంట. దాన్ని ఎవరూ 40 కోట్లు పోసి కొనలేదు నాన్నా. 2023లో వేలంలో మూడో వంతు వాటా అమ్మారు, ఆ లెక్కన మొత్తం ఆవుకు ధర కట్టారు. ఆవుకి వాటాలేందిరా అంటావు. ఆ డబ్బంతా పాలకు కాదు, దాని అండాలతో తయారుచేసి వేరే ఆవుల కడుపులో పెంచే పిండాలకు.

పోయిన వారం ఉబెరాబా అనే ఊరికి వెళ్లొచ్చాను. అక్కడ ఏ దొడ్లో చూసినా మన ఒంగోలు పశువులే. తెల్లటి ఒళ్లు, మూపురం, గంగడోలు, కాటుక పెట్టినట్టు కళ్లు. వీళ్లు 'నెలోరి' అంటారు. ఒంగోలు గిత్తకు నెల్లూరు పేరేందని తాతయ్య ఉంటే గొడవకు దిగేవాడు. వీటిని ఇక్కడికి ఓడలెక్కించిన తొలి రోజుల్లో మన ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేదిగా.

ఒక గిత్త మెడ నిమిరాను. నున్నగా ఉంది, కాడి ఒరిసిన కాయ లేదు. ముకుతాడు లేదు, చెవికి పసుపుపచ్చ బిళ్ల ఉంది. మన రాముడి మెడ మీద కాయ నా అరచేయంత ఉండేది, నువ్వు రాత్రిపూట ఆముదం రాసేవాడివి.

ఇక్కణ్నుంచి అమ్మకు చదవొద్దు. వీటిని పెంచేది మాంసానికే. మూపురాన్ని ప్రత్యేకంగా కాల్చి పెడతారు, 'కుపిం' అంటారు. ఆఫీసు వాళ్లు తీసుకెళ్లినప్పుడు నేను అన్నం, చిక్కుడుగింజల కూర తిన్నాను. ఒట్టు. వాళ్లను తప్పుపట్టలేను. మనుషులకన్నా పశువులు ఎక్కువున్న దేశమిది, ఎన్నో దేశాలు ఇక్కడి మాంసమే కొంటాయి. మనం మాత్రం సంక్రాంతికి కొమ్ములకు రంగులేసి, వేసవికి సంతకు తోల్లేదా?

రాముణ్నీ భీముణ్నీ అమ్మావని ఫోన్లో నీ మీద అరిచాను. ట్రాక్టర్ కొనమని డబ్బు పంపింది నేనే. ఆ మాట నువ్వు నోరు తెరిచి అనలేదు. అనుంటే బాగుండేది.

ఈసారి బండలాగుడులో మొదటి బహుమతి ఎవరి జతకొచ్చింది? చదలవాడ పశుక్షేత్రంలో కోడెదూడ ఏమైనా దొరుకుతుందేమో కనుక్కో. పనికి కాదు, ఊరికే. మేపేదెవర్రా అంటావని తెలుసు.

ట్రాక్టర్ వాయిదా రేపు వేస్తాను.

నీ కొడుకు