24 వోల్టుల బోటు మోటారుతో ఇస్తున్న వైరింగ్ కిట్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీసు అధికారి గారికి,

విషయం: 80 పౌండ్ల థ్రస్టు, 24 వోల్టుల ట్రోలింగ్ మోటారుతో (బ్యాటరీతో నడిచే బోటు మోటారుతో) పాటు ఇచ్చే కేబుల్, బ్రేకర్, వైరింగ్ పటం మార్చడం గురించి.

అయ్యా,

వశిష్ఠ పాయలో, నరసాపురం నుంచి అంతర్వేది దాకా, మీ మోటారు బిగించిన ఫైబర్ బోట్లు నడుపుతున్నాం. వాటికి వైరింగ్ చేసేదీ మాలోని వాళ్ళే. మోటారు మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. మడ చెట్ల కింద చప్పుడు లేకుండా వెళ్తుంది, పండుగప్ప బెదరదు. తప్పంతా దాంతో ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతున్న వైరింగ్ కిట్‌లో ఉంది.

ముందు కేబుల్ సంగతి. ఫుల్ స్పీడులో మోటారు 56 ఆంపియర్లు తీసుకుంటుందని మీ పుస్తకంలోనే ఉంది. అయినా కిట్‌లో ఇచ్చింది 6 స్క్వేర్ ఎంఎం కేబుల్. అదీ అసలు రాగి కాదు. తీగ ఒకటి విడదీసి కత్తి మొనతో గీకితే పైన ఎర్రగా ఉన్న పూత లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది. అంటే రాగి పూత పూసిన అల్యూమినియం. నీళ్ళలో తిరిగే బోటుకు కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు: పైన తగరం పూతతో తెల్లగా ఉండి, గీకితే లోపల ఎర్రటి రాగి కనపడాలి.

మా బోట్లలో బ్యాటరీలు వెనక, మోటారు ముందు. పోయే వైరు 6 మీటర్లు, తిరిగొచ్చే వైరు 6 మీటర్లు, మొత్తం 12. ఫుల్ స్పీడులో క్లాంప్ మీటరు 54 ఆంపియర్లు చూపిస్తుండగా బ్యాటరీల దగ్గర 24.2 వోల్టులు, మోటారు ప్లగ్ దగ్గర 21.0 వచ్చింది. 3.2 వోల్టులు దారిలోనే పోయాయి. అంటే 170 వాట్లకు పైగా కరెంటు వైరును వేడి చేయడానికే ఖర్చయిపోతోంది. పాటుకు ఎదురెక్కాల్సిన చోట మోటారు నీరసపడేది ఇందుకే. అదే 16 స్క్వేర్ రాగి కేబుల్ వేసి చూస్తే పోయేది 0.8 వోల్టు మాత్రమే. మీ కరపత్రంలోని పట్టికలో కేబుల్ పొడవు ఒక వైపుదా, రానూపోనూ కలిపినదా అని ఎక్కడా రాయలేదు. చాలామంది ఒక వైపే లెక్క వేసుకుని మోసపోతున్నారు.

వేడి కన్నా ముందు ఉప్పు తినేస్తుంది. ఎండాకాలం గోదావరిలో నీరు తగ్గితే ఉప్పు పోటు పైకి ఎక్కుతుంది, ఆ తేమ బోటు నేలపలకల కింద ఎప్పుడూ ఉంటుంది. కాలిపోయిన ఒక లగ్‌ను (వైరు కొసకు బిగించే లోహపు ముక్కను) కోసి చూశాం. లోపల రాగి మీద ఆకుపచ్చ చిలుం, అల్యూమినియం మీద సున్నం లాంటి తెల్లటి పొడి. రెండు లోహాలు ఉప్పు తడిలో తగులుతుంటే జరిగేది ఇదే. పైగా అల్యూమినియం నొక్కుడుకు మెల్లగా జారిపోతుంది కాబట్టి క్రింప్ (లగ్‌ను వైరు మీద నొక్కి బిగించిన చోటు) వదులై, వదులైన చోటే వేడెక్కి, ప్లగ్ ప్లాస్టిక్ కరుగుతోంది. ఇలా కరిగిన ప్లగ్‌లకు వారంటీ అడిగితే ఉప్పునీళ్ళ వల్ల పోయిందంటూ మీ డీలరు తిప్పి పంపుతున్నాడు. నదికీ సముద్రానికీ రెండింటికీ పనికొస్తుందని పెట్టె మీద అచ్చు వేసింది మీరే కదా.

బ్రేకర్ విషయంలో మాకు భయంగానే ఉంది. దాని మీద 240 వోల్ట్ ఏసీ అని తప్ప డీసీ రేటింగ్ లేదు. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది, ఆ క్షణంలో బ్రేకర్ లోపలి నిప్పు ఆరుతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీకి ఆ వెసులుబాటు లేదు, కాబట్టి డీసీకని రేటింగ్ ఇవ్వని బ్రేకర్‌ను నమ్మలేం. దానికి తోడు మీ పటంలో బ్రేకర్‌ను మోటారు పక్కన చూపించారు. అప్పుడు బ్యాటరీ నుంచి ముందు దాకా 6 మీటర్ల వైరుకు రక్షణే ఉండదు. లంగరు తాడో పలక అంచో ఒరుసుకుని షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారతాయి. ఆ పక్కనే పెట్రోలు డబ్బా ఉంటుంది. 60 ఆంపియర్ల డీసీ బ్రేకర్‌ను బ్యాటరీ ప్లస్‌కు జానెడు లోపలే బిగించాలి.

పటంలో సిరీస్ జంపర్ (రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి 24 చేసే ముక్క వైరు) సరిగ్గానే ఉంది: మొదటి బ్యాటరీ ప్లస్ నుంచి రెండో దాని మైనస్‌కు. కానీ జంపర్‌కు సన్న వైరు ఇచ్చారు. సిరీస్‌లో దాని గుండా కూడా అదే 56 ఆంపియర్లు పోతాయి కదా, మెయిన్ కేబుల్ మందమే ఉండాలి. ఇంకో పెద్ద పొరపాటు, లైటుకూ ఫిష్ ఫైండర్‌కూ 12 వోల్టులు ఒకే బ్యాటరీ నుంచి తీసుకోమన్నారు. ఆ బ్యాటరీ ఎక్కువ దిగిపోతుంది. 24 వోల్టుల ఛార్జరు రెండింటి మొత్తాన్నే చూస్తుంది. మొత్తం 28.8 చేరేసరికి ఒకటి 13.6 దగ్గర అరకొరగా, రెండోది 15.2 దగ్గర నీళ్ళు మరుగుతూ ఉంటాయి. కొన్ని నెలల్లో రెండూ పాడవుతాయి. ఆ 12 వోల్టులు రెండో బ్యాటరీ నుంచి తీసుకుని, మొదటి బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉన్న పెట్రోలు ఇంజను మైనస్‌తో దాని మైనస్‌ను కలిపారంటే మొదటి బ్యాటరీ నేరుగా షార్టే. లైట్లకు వేరే చిన్న బ్యాటరీ పెట్టమని గానీ, 24 నుంచి 12కు దించే డీసీ కన్వర్టరు వాడమని గానీ రాయాలి. ఈ తప్పులన్నిటికీ బ్యాటరీలనే తప్పుపట్టి కొత్తవి అంటగట్టారు. వేటకు పోలేని రోజు కూలి పోవడం ఒకటైతే, బ్యాటరీల జత ఖర్చు ఇంకొకటి.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి. ఇప్పటిదాకా అమ్మిన ప్రతి కిట్‌కూ 16 స్క్వేర్ తగరం పూత రాగి కేబుల్, అదే మందం జంపర్, నీరు చొరని 60 ఆంపియర్ల డీసీ బ్రేకర్, జిగురున్న హీట్ ష్రింక్‌తో (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టంతో) లగ్‌లు, ఆ కరెంటుకు తగిన ప్లగ్ ఉచితంగా ఇవ్వండి. పటం సరిచేసి తెలుగులో అచ్చు వేయండి. లిథియం బ్యాటరీ పెట్టుకునేవాళ్ళకు, దాని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) సిరీస్‌కు ఒప్పుకుంటేనే కలపాలని అందులో రాయండి. ఈ కిట్ వల్ల పాడైన బ్యాటరీలకు నష్టపరిహారం ఇవ్వండి. పాత కిట్ అమ్మకం ఈ రోజే ఆపించండి, కొన్నవాళ్ళకు ఫుల్ స్పీడు వాడొద్దని కబురు పంపండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మా జిల్లా కమిషన్‌లోనే కేసు వేస్తాం. సరైన వాడకం సూచనలు ఇవ్వకపోతే తయారీదారుదే బాధ్యత అని ఆ చట్టంలో ఉంది. కోసిన లగ్, కరిగిన ప్లగ్, మీటరు రీడింగుల ఫోటోలు జత చేశాం. అసలు ముక్కలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి, మీ ఇంజనీరును పంపితే రేవులోనే చూపిస్తాం.

ఇట్లు,
మీ మోటారు బోట్లు నడిపేవాళ్ళం, వైరింగ్ చేసేవాళ్ళం